పన్ను నొప్పికి ఫోనా, కుర్చీనా? మా నల్లగొండ లెక్కలో ఏది మేలు

మా అక్కకు పన్ను నొప్పి మొదలైంది సరిగ్గా పత్తి ఏరే రోజుల్లో. మాది మర్రిగూడ వైపు ఊరు. ఏరిన కిలోల లెక్కన కూలి. ఒక రోజు చేనుకు పోకపోతే ఆ రోజు డబ్బులు పోయినట్టే. అందుకని మొదటి వారం లవంగం బుగ్గన పెట్టుకుని నెట్టుకొచ్చింది. రెండో వారం ఆర్‌ఎంపీ దగ్గర సూది. మూడో వారం మెడికల్ షాపులో గోలీలు. నాలుగో వారం పొద్దున లేచేసరికి కుడి దవడ ఉబ్బి ఉంది.

అప్పుడు నా మాట విని పల్లె దవాఖానకు వచ్చింది. అక్కడి సిస్టర్ ట్యాబ్ తెరిచి, ఈ-సంజీవనిలో, అంటే దూరాన ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడించే సర్కారు ఏర్పాటులో, ఒక డెంటల్ డాక్టర్‌ను కలిపింది. డాక్టరమ్మ ఓపికగానే మాట్లాడింది. "నోరు తెరువమ్మా, ఇంకొంచెం" అంటే అక్క తెరిచింది. నేను సెల్‌ఫోన్ టార్చి కొట్టాను, సిస్టర్ ట్యాబ్‌ను అటూ ఇటూ వంచింది. తెర మీద కనిపించింది మాత్రం మెరుస్తున్న నాలుక, దాని వెనక చీకటి. చివరికి ఆమె రెండు మందులు రాసి, "ఎక్స్‌రే తీయాలి, డెంటల్ హాస్పిటల్‌కు పోండి" అంది. బయటికొచ్చాక అక్క నా వైపు చూసి, "గీ ముచ్చట నాకు ఎర్కలేదారా తమ్మీ?" అంది.

నిజమే, ఆ ముచ్చట ఆమెకు ముందే తెలుసు. మరి దూరం నుంచి చూసే పంటి వైద్యం ఎందుకు? ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది, ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ వచ్చింది. జ్వరానికి, బీపీకి, షుగర్‌కు అది ఎంత పనికొస్తుందో మా ఊళ్ళోనే చూశాను. పన్ను సంగతి వేరు. పంటి వైద్యంలో చాలా భాగం చేతిపని. అయినా ఫోన్‌ను కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు, ఎందుకంటే మా దగ్గర దాని పోటీ డెంటల్ డాక్టరుతో కాదు, మెడికల్ షాపుతో.

మామూలుగా పీహెచ్‌సీలో డెంటల్ డాక్టరు ఉండడు. కుర్చీ కావాలంటే పెద్ద ఆసుపత్రికో, పట్నంలో క్లినిక్‌కో పోవాలి. అందుకని మనిషి ముందు గోలీ మింగుతాడు. గోలీతో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, కొన్నాళ్ళకు నొప్పి నిజంగానే ఆగిపోతుంది. పన్ను బాగైందనుకుంటాడు. చాలాసార్లు లోపలి నరం చచ్చిపోయి నొప్పి తెలియకుండా పోయిందంతే. చీము మాత్రం వేరు కింద ఎముకలోకి దారి చేసుకుంటూనే ఉంటుంది. అక్కకు జరిగింది అదే. మొదటి వారంలోనే ఎవరైనా ఫోన్‌లో చూసి "ఇది గోలీతో పోయేది కాదమ్మా, ఇప్పుడే పోతే పన్ను దక్కుతుంది" అని ఉంటే రూట్ కెనాల్‌తో ఆ పన్ను నిలిచేదేమో. నాలుగో వారంలో అదే ఫోన్ దండగ. ఫోన్ మేలా కాదా అన్నదానికి జవాబు ఏ వారంలో చేశామన్న దాన్ని బట్టి మారుతుంది.

ఇక కుర్చీ. నార్కట్‌పల్లిలో కామినేని డెంటల్ కాలేజీ ఉంది, పాలమూరు వాళ్ళకు ఎస్‌వీఎస్ కాలేజీ ఉంది, హైదరాబాద్ పోతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. అక్కడ డాక్టరు చిన్న అద్దం పిడితో పన్ను మీద టక్ టక్‌మని కొట్టి చూస్తాడు. ఏ పన్ను దగ్గర మనిషి ఉలిక్కిపడితే అదే దొంగ. చల్లదనం తగిలిస్తే నరం బతికుందో లేదో తేలుతుంది. రెండు పళ్ళ సందులో పుచ్చు పైకి కనపడకపోయినా ఎక్స్‌రేలో కనపడుతుంది. ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఏ కెమెరా చేయలేదు. పీకడం, నింపడం, గార తీయడం సంగతి చెప్పక్కర్లేదు.

మేం పోయిన ఆసుపత్రి పేరు చెప్పను, ఎక్కడైనా ఇదే తంతు అనిపించింది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి అక్కకు దారి ఖర్చు సున్నా. పోయింది కూలి. ఓపీ చీటీ దగ్గర గంట, ఎక్స్‌రే దగ్గర ఇంకో గంట. తీరా లోపలికి పోతే, "వాపు ఉంది, ఐదు రోజులు మందులు వాడి రండి, తర్వాత పీకుదాం" అన్నారు. పల్లె దవాఖానలో రాసిన మందులే మళ్ళీ రాశారు. ఫోన్‌లో డాక్టరమ్మ రాసిన చీటీ చూపిస్తే అక్కడి డాక్టరు పక్కన పెట్టేశాడు. ఆయన తప్పేం లేదు, ముక్కూ మొహం తెలియని చీటీని ఎవరు నమ్ముతారు?

నాకు మండింది అక్కడే. ఆ రెండు చోట్లకూ మధ్య ఒక దారం ఉండుంటే ఆ మొదటి ప్రయాణమే తప్పేది. మందులు ఊళ్ళోనే మొదలయ్యేవి, ఆరో రోజు నేరుగా పీకించుకుని వచ్చేది. ఆ దారం కోసమే, ఒకచోటి వైద్యం వివరాలు ఇంకోచోట కనపడేలా, 14 అంకెల ఆభా ఆరోగ్య నంబరు తెచ్చారు. అక్కకు ఆ నంబరు ఉంది కూడా. దాన్ని అడిగిన నాథుడు లేడు.

ఇంకో రకం దూరవైద్యం ఉంది, దాని మీద నాకు గురి ఎక్కువ. వీడియోలో ముఖాముఖి మాట్లాడటం కాకుండా, నింపాదిగా మంచి ఫోటోలు తీసి పంపడం. అవతలి డాక్టరు తీరికున్నప్పుడు చూసి జవాబిస్తాడు. సిగ్నల్ తెగిపోతుందన్న టెన్షన్ లేదు. నేను సర్కారు బడిలో టీచర్‌ని కాబట్టి పిల్లల మీద ఇది చేసి చూశాను. ఎండ పడని కిటికీ వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టాలి, ఫ్లాష్ ఆపాలి. ఫ్లాష్ వేస్తే పన్ను మీద తెల్లటి మెరుపు పడి, చూడాల్సిన తెల్ల మచ్చలే మాయమవుతాయి. శుభ్రంగా కడిగిన స్టీలు చెంచా పిడితో బుగ్గ పక్కకు లాగాలి. ముందు పళ్ళు ఒకటి, రెండు పక్కలా రెండు, పైవరస ఒకటి, కిందివరస ఒకటి. ఐదు ఫోటోలు, ఒక్కో పిల్లకు రెండు నిమిషాలు. తల్లిదండ్రులను అడిగే తీయాలి, తీశాక నా ఫోన్‌లో ఉంచుకోకూడదు. ఈ రెండూ మొదట్లో నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

మా జిల్లాకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోయే జబ్బు ఒకటుంది. ఫ్లోరైడ్. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికే ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు. నాగపూర్ నీరి సంస్థ వాళ్ళు పటిక, సున్నంతో 1970లలో చేసిన పని అది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళకు, ఆ తర్వాత ఎముకలకు చేటు. పంటి మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, ఇంచుమించు ఎనిమిదేళ్ళ లోపు. ఆ తర్వాత ఎంత మంచి నీళ్ళు తాగినా ఉన్న మచ్చ పోదు, తర్వాత తాగిన నీళ్ళతో కొత్తగా పడదు. దీన్ని లెక్కగట్టడానికి అమెరికాలో డీన్ అనే దంత వైద్యుడు 1942లో ఇచ్చిన కొలమానాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. అది కంటితో చూసి వేసే లెక్క. ఎక్స్‌రే అక్కర్లేదు, గుచ్చి చూడక్కర్లేదు. కంటికి చాలినది మంచి ఫోటోకూ చాలుతుంది.

నా పళ్ళే గోధుమరంగు చారలు. పెళ్ళి ఫోటోలన్నింట్లో మూతి బిగించి ఉంటాను. మా పదో తరగతిలో కొందరు ఆడపిల్లలు చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్ ఏడాదికోసారి బడికి వచ్చి పళ్ళు కూడా చూసి, పేరు ఎదురుగా టిక్కు పెట్టి పోతుంది. ఆ టిక్కుకు బదులు ఐదు ఫోటోలు ఉంటే, ఎవరికి పైపై మచ్చ, ఎవరికి గుంటలు పడి పెచ్చు ఊడుతోంది, ఎవరిని ముందు కుర్చీ దగ్గరికి పంపాలి అన్నది కాలేజీలో కూర్చున్న డాక్టరు ఒక మధ్యాహ్నంలో తేల్చేస్తాడు. ఆ డాక్టర్లే జిల్లా అంతా తిరిగి చూడాలంటే ఎన్ని నెలలు పడుతుందో. మచ్చ పోగొట్టడం మాత్రం మళ్ళీ కుర్చీ పనే.

నోటిలో మానని పుండుకూ ఇదే వర్తిస్తుంది. గుట్కా, జర్దా నమిలే వాళ్ళకు బుగ్గ లోపల తెల్లటి పొర వచ్చినా, రెండు వారాలు దాటినా పుండు మానకపోయినా ఫోటో తీసి పంపడానికి ఐదు నిమిషాలు చాలు. బ్రెజిల్ దక్షిణాన రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో సర్కారు వైద్యంలోనే ఎస్టోమాటోనెట్ అని ఒక ఏర్పాటు ఉంది. కింది స్థాయి కేంద్రాల వాళ్ళు నోటి పుండ్ల ఫోటోలు పంపితే నిపుణులు చూసి, అక్కడే నయమయ్యేదో పైకి పంపాల్సిందో చెబుతారు. కాలిఫోర్నియాలో ఇంకో అడుగు ముందుకేశారు. శిక్షణ ఉన్న సిబ్బంది చిన్న ఎక్స్‌రే మిషన్‌తో బడికే పోతారు, దూరాన ఉన్న డాక్టరు చూస్తాడు. పేదల ఆరోగ్య పథకం దానికి డబ్బు కట్టేలా 2014లో చట్టం చేశారు. మన దగ్గర ఇది రాకపోతే అందుకు కారణం కెమెరా కాదనుకుంటాను. ఫోటో చూసిన డాక్టరు గంటకు లెక్క ఎవరు కడతారన్నదే.

కుర్చీ లేకుండా ఫోన్ ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. 2020 మార్చి 25 నుంచి జూన్ 8 దాకా అక్కడ మామూలు పంటి వైద్యం మూతబడింది. ఫోన్‌లో సలహా, నొప్పి మాత్ర, యాంటీబయాటిక్, ఇవే మూడు ఆయుధాలు. ఆ నెలల్లో యాంటీబయాటిక్ చీటీలు బాగా పెరిగాయి. అంత పెద్ద వ్యవస్థ కూడా కుర్చీ పోగానే మా ఊరి మెడికల్ షాపు లాగే పనిచేసింది.

ఫోన్ కుర్చీని మించిన సందర్భం మాత్రం ఒక్కటి కళ్ళారా చూశాను. బడి మైదానంలో కబడ్డీ ఆడుతూ ఎనిమిదో తరగతి పిల్లవాడి ముందు పన్ను ఊడి మట్టిలో పడింది. తెలిసిన డెంటల్ డాక్టరుకు ఫోన్ చేస్తే మొదటి మాటగా "వేరు ముట్టుకోకండి, రుద్దకండి" అన్నాడు. పై భాగం పట్టుకుని ఒక్కసారి నీళ్ళతో తొలిపి, చిగురులో పెట్టగలిగితే పెట్టమన్నాడు, లేదంటే పాలలో వేసి గంటలోపు తెమ్మన్నాడు. చాయ్ హోటల్ నుంచి పచ్చి పాలు గ్లాసులో తెచ్చాం. పక్క పళ్ళకు తీగతో కట్టిన ఆ పన్ను ఇప్పటికీ వాడి నోట్లో ఉంది. ఆ ఫోన్ లేకపోతే నేనే దాన్ని గీకి గీకి కడిగి, కాగితంలో చుట్టి తీసుకుపోయేవాణ్ణి. పాలపన్ను అయితే మాత్రం ఇలా తిరిగి పెట్టరు.

కాబట్టి నన్నడిగితే, నొప్పి కొత్తగా మొదలైతే, పిల్లల పళ్ళ మీద మచ్చలుంటే, నోట్లో పుండు మానకపోతే ముందు ఫోన్, అందులోనూ వీడియో కన్నా ఫోటోలు మేలు. వాపు కంటి వైపుకో, దవడ కింద మెడలోకో పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఫోన్ ముట్టుకోవద్దు, రాత్రయినా సరే బండి కట్టాలి. మధ్యలో ఉన్నవాటికి, ఫోన్‌లో చూసిన డాక్టరు చీటీ మీద "ఫలానా రోజు, ఫలానా చోట కుర్చీ" అని రాసి ఇస్తేనే ఫోన్‌కు నా ఓటు. ఆ తేదీ లేని వీడియో కన్నా నేరుగా నార్కట్‌పల్లి బస్సెక్కడం నయం.

అక్క పన్ను రెండోసారి పోయినప్పుడు పీకారు. దూది కరిచి పట్టుకుని, బస్సులో నాతో సైగలతోనే మాట్లాడింది. మూడో రోజు చూపించడానికి మళ్ళీ రమ్మన్నారు. పీకిన పీజీ డాక్టరు మాత్రం మంచివాడు, తన నంబరు ఇచ్చి, "చెప్పినట్టు ఉప్పు నీళ్ళు పుక్కిలించి, ఫోటో పంపండి, బాగుంటే రావద్దు" అన్నాడు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చెంచాతో బుగ్గ లాగి ఫోటో తీశాను. పావుగంటలో "మానుతోంది" అని జవాబొచ్చింది. అప్పటికే అక్క చేనుకు పోవడానికి కొంగు నడుముకు చుట్టుకుంది.