పీహెచ్ కోటా, ప్రైవేటు, డెలివరీ: బధిరులకు ఏది మేలు?

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న డెఫ్ కుర్రాడి గురించి చుట్టాలంతా అనే మాట ఒకటే: "పీహెచ్ కోటా (వికలాంగుల రిజర్వేషన్) ఉందిగా, ఇవాళ కాకపోతే రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తుంది." కోటా ఉన్నమాట నిజమే. ఆ "రేపు" ఎన్నేళ్లకు వస్తుందన్నదే ఎవరూ లెక్కెయ్యరు. ఉద్యోగాలను పోల్చేటప్పుడు జీతం, భద్రత అందరూ చూస్తారు. బధిరుల విషయంలో మూడోది కూడా చూడాలి: ఆ పనిలో రోజూ చెప్పే మాట మనిషి దాకా ఎలా చేరుతుంది? చేరిన ఉద్యోగం మానేసి రావడం ఎక్కువగా దీని దగ్గరే జరుగుతుంది.

ముందు కోటా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం బధిరులకు, వినికిడి తక్కువవాళ్లకు కలిపి. అంటే వంద పోస్టులకు ఒకటి. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే చట్టం లెక్కలో బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువవాళ్లు. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే కోటా వర్తించదు. వైకల్య శాతం కట్టేటప్పుడు మంచి చెవి శాతాన్ని అయిదుతో హెచ్చించి, రెండో చెవి శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు కాబట్టి లెక్కంతా మంచి చెవి చుట్టూ తిరుగుతుంది. కోటాకు కనీసం 40 శాతం కావాలి. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వెళ్లేముందు చెవిలో గులిమి తీయించుకోండి. అది అడ్డంగా ఉంటే వినికిడి పరీక్షలో (ఆడియోగ్రామ్‌లో) లోపం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎంపికయ్యాక మెడికల్ బోర్డు మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె మారుతుంది, అప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది అభ్యర్థే.

నోటిఫికేషన్‌లో మొదట చూడాల్సింది ఖాళీల సంఖ్య కాదు. ఏ పోస్టు ఎవరికి సరిపోతుందో చెప్పే పట్టిక చూడాలి, అది సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది. మీ పోస్టు ఎదురుగా డీ (బధిరులు), హెచ్‌హెచ్ (వినికిడి తక్కువవాళ్లు) అన్న అక్షరాలు లేకపోతే ఫీజు, చదువు రెండూ దండగే. కేంద్రం 2021 జనవరిలో వికలాంగులకు తగినవిగా 3,566 పోస్టులను గుర్తించింది, అయితే అవన్నీ బధిరులకు కావు.

ఏ పరీక్ష రాయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ కింది స్థాయి ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్సెస్సీ ఎంటీఎస్‌నే తీసుకోండి, తెలుగులోనూ రాయొచ్చు, వికలాంగులకు ఫీజు లేదు. మొదటి సెషన్‌లో లెక్కలు, రీజనింగ్ పాసైతే చాలు, మెరిట్ మాత్రం రెండో సెషన్‌దే. అందులో 150 మార్కులకు 75 ఇంగ్లిష్. సైన్ (సైగల భాష) మొదటి భాషగా, తెలుగు రెండోదిగా పెరిగిన పిల్లాడికి ఇంగ్లిష్ మూడోది. మెరిట్‌లో సగం ఆ మూడో భాష మీదే పెట్టడమంటే కుంటుకుంటూ పరుగుపందెంలో దిగినట్టే. రైల్వే లెవెల్-1 (పాత గ్రూప్-డీ) పరీక్షలో ఇంగ్లిష్ విభాగమే లేదు: సైన్స్ 25, లెక్కలు 25, రీజనింగ్ 30, జనరల్ అవేర్‌నెస్ 20. వికలాంగులకు దేహదారుఢ్య పరీక్ష మినహాయింపు కూడా ఉంది. రెండింటికీ మూలవేతనం 18,000 నుంచే మొదలు. ఇంగ్లిష్ బలహీనమైతే రైల్వేకే సిద్ధమవ్వాలి, అనుమానమే అక్కర్లేదు. దాంతోపాటు జిల్లా వెబ్‌సైట్లలో వచ్చే వికలాంగుల బ్యాక్‌లాగ్ (గతంలో భర్తీ కాక మిగిలిన పోస్టుల) ప్రకటనల మీద ఒక కన్నేసి ఉంచండి. బధిరులకు పరీక్షలో అదనపు సమయం దానంతటదే రాదు. రాయడంలోనూ ఇబ్బంది ఉందని సివిల్ సర్జన్ స్థాయి డాక్టరు రాసిస్తేనే అడగగలరు. ఈ సంగతి పరీక్ష హాల్లో తెలుసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక ప్రైవేటు. హోటల్ హౌస్‌కీపింగ్, సూపర్‌మార్కెట్ స్టాకు, ఈ-కామర్స్ గోదాములు, డేటా ఎంట్రీ, ఇవే ఎక్కువగా దొరికేవి. లెమన్ ట్రీ హోటళ్లు, కేఎఫ్‌సీ బధిరులను తీసుకుంటాయని చాలామందికి తెలుసు. దారి చూపేవాళ్లు కావాలంటే హైదరాబాద్‌లో యూత్‌ఫర్‌జాబ్స్, డెఫ్ ఎనేబుల్డ్ ఫౌండేషన్ ఉన్నాయి. విద్యానగర్ ఏటీఐ ఆవరణలోని దివ్యాంగుల కెరీర్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టమన్నచోట కూర్చోకుండా లేచి వచ్చేయండి.

ప్రైవేటులో ఆఫర్ చేజారేది ఇంటర్వ్యూ కంటే ముందే. హెచ్ఆర్ రెండుసార్లు ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. అందుకే రెజ్యూమెలో పేరు కిందే "నేను బధిరుడిని, కాల్ వద్దు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి" అని రాయాలి. ఇంటర్వ్యూకు దుబాసీ దొరకకపోతే ఫోన్‌లో మాటను అక్షరాలుగా చూపే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ పనికొస్తుంది. మొదటి భాష తెలుగు, రెండోది ఇంగ్లిష్ పెట్టి, ఫోన్‌ను అడిగే మనిషి ముందే బల్ల మీద ఉంచాలి. ఫ్యాన్ కింద, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అక్షరాలు కలగాపులగం అవుతాయి. ముఖ్యంగా అంకెల్ని నమ్మొద్దు: జీతం, షిఫ్ట్ టైము, చేరే తేదీ కాగితం మీద రాయించుకోవాలి.

జీతం అంకెనూ విప్పి చూడాలి. 15,000 అంటే చేతికి 15,000 కాదు. మూలవేతనం 10,000 అయితే పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 113 పోగా 13,687 వస్తుంది. ఈ కోతను చూసి భయపడక్కర్లేదు, యజమాని వాటా కూడా అవతల జమవుతుంది. ఈఎస్ఐ జీత పరిమితి అందరికీ 21,000 అయితే వికలాంగులకు 25,000. కోతే లేని 15,000 కంటే ఈ 13,687 మేలు. నియామక పత్రం కంపెనీ పేరు మీద ఉందా, ఏజెన్సీ పేరు మీద ఉందా అన్నదీ అడగండి. ఏజెన్సీ కాంట్రాక్టు పోతే ఉద్యోగమూ దాంతోపాటే పోతుంది.

గోదాములో పొద్దున అయిదు నిమిషాల బ్రీఫింగ్ జరుగుతుంది. సూపర్‌వైజర్ బోర్డు వైపు తిరిగి, మాస్కు పెట్టుకుని, ఇవాళ ఫలానా వరుస మూసేశాం అంటాడు. తక్కినవాళ్లు తలూపితే డెఫ్ కుర్రాడూ తలూపుతాడు. గంట తర్వాత అదే వరుసలోకి ట్రాలీ తోసుకెళ్తాడు. వెనక నుంచి ఫోర్క్‌లిఫ్ట్ వస్తుంది, దానికి హారన్ ఉంది గానీ మెరిసే లైటు లేదు. తప్పు అతని ఖాతాలో రాస్తారు. అదే చోట నలుగురు బధిరులు ఉండి, ఒక టీమ్ లీడర్‌కు నాలుగు సైన్లు వచ్చి ఉంటే ఈ కథే ఉండదు. అందుకని ఒంటరిగా వెళ్లే 17,000 ఉద్యోగం కంటే తోటి డెఫ్ ఉద్యోగులున్న 15,000 ఉద్యోగాన్నే ఎంచుకోమంటాం. చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. ఇరవై మందికి పైబడిన సంస్థలో ఆ కాగితం అడిగి చూడండి, అలాంటిదొకటి ఉందని హెచ్ఆర్‌కు తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది.

డెలివరీ పనిలో, మాట మనిషి దాకా ఎలా చేరుతుందన్న మూడో ప్రశ్నకు మంచి జవాబు దొరకడమే విచిత్రం. ఆర్డరు, దారి, డబ్బు అన్నీ తెర మీదే, సూపర్‌వైజర్ కేకలు లేవు. చిక్కు వచ్చేది చివరి వంద మీటర్లలో: లొకేషన్ పిన్ తప్పు, కస్టమర్ ఫోన్ చేస్తాడు, గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడతాడు. "నేను బధిరుడిని, దయచేసి మెసేజ్ పెట్టండి" అన్న వాక్యం ముందే టైప్ చేసి ఉంచుకుంటే కొంత నయం. లైసెన్స్ విషయానికొస్తే, పరీక్ష నెగ్గిన బధిరులకు ఇవ్వొచ్చని ఢిల్లీ హైకోర్టు 2011లోనే చెప్పింది. కానీ పెట్రోలు, బండి వాయిదా, సర్వీసింగ్ అన్నీ మనవే, జ్వరమొస్తే ఆరోజు సున్నా. ఆరు నెలలు చేయొచ్చు, ఆరేళ్ల ప్లాన్ మాత్రం కాదు.

పింఛను పోతుందని ఉద్యోగం వద్దనే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆంధ్రలో నెలకు 6,000, తెలంగాణలో 4,016. ప్రభుత్వ కొలువు వస్తే ఆగడం ఖాయం, ప్రైవేటులో ఆదాయ పరిమితి దాటితే ఆగొచ్చు. అయినా 13,687 కోసం 6,000 వదులుకోవడం నష్టం కాదు, పైగా పింఛను పీఎఫ్ కట్టదు.

పాతికేళ్ల లోపువాళ్లయితే పీఎఫ్ ఉన్న ప్రైవేటు పనిలో ముందు చేరి, పొద్దునో రాత్రో రెండు గంటలు ఒకే ఒక్క పరీక్షకు కేటాయించడం మేలు. నాలుగు నోటిఫికేషన్లకు నాలుగు సిలబస్‌లు మోయొద్దు. ఇల్లు ఇంకో ఏడాది పోషించగలిగితే, ఇంగ్లిష్ కూడా బాగుంటే, కోచింగ్‌కే పూర్తిగా కూర్చోవచ్చు. ఆ ఏడాదికి ముగింపు తేదీ మాత్రం ముందే వేసుకోవాలి. ఎక్కడ చేరినా తొలిరోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "షిఫ్ట్ మారితే నాకు ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు?" జవాబులో ఒక మనిషి పేరు రావాలి, అదీ వాట్సాప్‌లో రావాలి.