పాత అంబాసిడర్‌కి పవర్ బ్రేకు: గాజువాక ఆటోనగర్‌లో వేయించేవాళ్లకి

పాత పెట్రోల్ అంబాసిడర్‌కి గానీ, పద్మినీకి గానీ ఆటోనగర్ షెడ్లో పవర్ బ్రేకు అడిగితే రెండు దారులు చూపిస్తారు. మారుతి లాంటి బండి నుంచి తీసిన బూస్టర్‌ని (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే డబ్బా) దాని మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని లైన్లోకి తోసేది) సహా ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకుకి, బిగించడం ఒకటి. పాత మాస్టర్ సిలిండర్‌ని కదపకుండా, బ్రేక్ ఆయిల్ లైను మధ్యలో రిమోట్ సర్వో (పెడల్‌కి దూరంగా విడిగా బిగించే బూస్టర్) కలపడం రెండోది. మా ఓటు రెండోదానికే.

మాన్యువల్ బ్రేకుకి పెడల్ లీవరేజి (కాలి బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందన్న లెక్క) సుమారు 6:1 ఉంటుంది. బూస్టర్ ఉన్న బండికి 4:1 దగ్గర ఉంటే చాలు. పెడల్ మార్చకుండా బూస్టర్ తగిలిస్తే కాలు ఆనించీ ఆనించకముందే చక్రాలు పట్టేస్తాయి, వాన పడ్డ బీచ్ రోడ్డు మీద బండి జారిపోతుంది. ఇంకో చిక్కు: ఆ మాస్టర్ సిలిండర్ ముందు డిస్కులున్న బండిది. నాలుగు డ్రమ్ములకీ కావలసినంత ఆయిల్ ఒక్క తొక్కుకి తోయలేకపోతే పెడల్ కిందికి పోతుంది, రెండోసారి తొక్కితే గానీ బ్రేకు పడదు. బూస్టర్ నుంచి వచ్చే పుష్‌రాడ్‌కీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య 0.5 నుంచి 1 మి.మీ. సందు ఉండాలి. సందు లేకపోతే ఆయిల్ వెనక్కి రాదు, పది కిలోమీటర్లకే డ్రమ్ములు కాలిపోతాయి. తొందరలో కంటి అంచనాతో బిగించేది ఇక్కడే.

రిమోట్ సర్వోకి ఈ తలనొప్పులేవీ లేవు. మామూలుగా వాడే 1.9 రేషియో రకం లైను ప్రెషర్‌ని దాదాపు రెండింతలు చేస్తుంది. మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉన్న బండికీ సరిపోతుంది. ఆయిల్ బయటికెళ్లే కొన కాస్త పైకి ఉండేలా వాలుగా బిగించాలి, లేకపోతే లోపల గాలి నిలిచిపోతుంది. దీనికీ ఒక లోపముంది. లోపలి సీలు పోతే బ్రేక్ ఆయిల్ ఇంజన్‌లోకి లాగేసుకుంటుంది. బయట ఎక్కడా కారుడు కనబడదు, బ్రేక్ ఆయిల్ ట్యాంకులో మట్టం మాత్రం తగ్గుతుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. ఈ మూడూ కలిస్తే బండి ఆపేయాల్సిందే.

ఆటోనగర్‌లో బ్రాకెట్ చేయించడానికీ, డ్రమ్ము లేత్ మీద తిప్పించడానికీ వెనకాడక్కర్లేదు. దగ్గరుండి చూసుకోవలసింది పైపుల పని. రాగి పైపు ఒప్పుకోకండి. స్టీలు పైపే వేయించి, చివర డబుల్ ఫ్లేర్ (పైపు కొసని వెడల్పు చేసి లోపలికి రెండో మడత వేయడం) అడగండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లో పాత పైపు క్లిప్పుల కింద ముందు తుప్పు పడుతుంది, పెరిగిన ప్రెషర్‌కి అక్కడే పగులుతుంది. వాక్యూమ్ హోసు కూడా బూస్టర్‌ది అయ్యుండాలి. పెట్రోల్ పైపు వేస్తే వేడికి మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది. వాక్యూమ్ ట్యాపింగ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) మీదే తీయాలి. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న గొట్టంలోంచి తీస్తే చాలదు. నాన్-రిటర్న్ వాల్వు (గాలిని ఒక వైపుకే వెళ్లనిచ్చేది) మీది బాణం ఇంజన్ వైపు ఉండాలి.

పని మొదలెట్టక ముందే ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గేజి పెట్టించండి. 18 నుంచి 20 అంగుళాల (పాదరసం లెక్కన) వాక్యూమ్ రావాలి. అంతకు బాగా తగ్గితే డబ్బు ముందు ఇంజన్ మీద పెట్టాలి. బ్రేకు లైనర్లు, వీల్ సిలిండర్లు పాడై ఉంటే వాటి సంగతీ ముందే చూడాలి. బూస్టర్ కాలి శ్రమ తగ్గిస్తుందే గానీ అరిగిన లైనర్‌కి పట్టు తెచ్చిపెట్టదు.

బ్లీడింగ్ (లైన్లలోని గాలి తీసేయడం) ఇంజన్ ఆపి చేయాలి. ముందు సర్వో, తర్వాత వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. సీలు విప్పని డాట్ 3 ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు తెచ్చుకోండి. మూత తీసి ఉంచిన డబ్బా మన తేమకి నీళ్లు పట్టేస్తుంది. ఇంజన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి.

డబ్బులిచ్చే ముందు ఈ పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి ఐదుసార్లు తొక్కి, కాలు నొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ అందడం లేదు.

సింహాచలం ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపి జారుకుంటూ వచ్చే అలవాటుంటే మానుకోవాలి. నిల్వ ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత భారమంతా కాలి మీదే.

డీజిల్ అంబాసిడర్‌కి మానిఫోల్డ్ వాక్యూమ్ దొరకదు. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్న రకం వేయించాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో లేకపోతే అడిగి రాయించుకోండి.