ముత్యపు పోగు పిల్లతో రెండేళ్లు

డచ్ చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1665లో వేసిన ముత్యపు పోగు పిల్ల బొమ్మని నకలు తీస్తూ పోర్ట్రెయిట్ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఇప్పటికి నాలుగు కాన్వాసులు. నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ పిల్ల ముక్కు ఒక ఎత్తు.

మొదటిది గళ్లు గీసుకుని అసలు సైజులోనే వేశాను, 44.5 × 39 సెంటీమీటర్లు. కళ్లు కుదిరాయి, పెదాలు కుదిరాయి. ముక్కు మాత్రం కుదరదే! మూడు నెలలు గీకడం, మళ్లీ వేయడం. ఒకరోజు మా అమ్మ కాఫీ ఇస్తూ, "ఆ పిల్లకి ముక్కేందిరా, మైనంతో చేసి అతికించినట్టుంది?" అంది. ఆ రాత్రి, అసలు బొమ్మ ఉన్న ది హేగ్ (నెదర్లాండ్స్)లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియం సైట్లో ఫొటో పెద్దది చేసి చూశాను. ముక్కు దూలానికీ అవతలి చెంపకీ మధ్య అసలు గీతే లేదు. రెండూ ఒకే రంగులో కలిసిపోయాయి. లేని గీతని మూడు నెలలుగా దిద్దుతున్నానన్నమాట. రంగు ఇంకా పచ్చిగానే ఉంటే బొటనవేలితో తుడిచేశాను. ముక్కు వచ్చి కూర్చుంది! అమ్మని నిద్ర లేపి మరీ చూపించాను.

ముత్యం కూడా అంతే. పైన ఒక తెల్ల మచ్చ, కింద కాలరు నుంచి పడ్డ వెలుగు. చెవికి తగిలించే కొక్కెం కూడా వేయలేదు మహానుభావుడు.

వెనక నలుపే కదా, తేలికనుకున్నాను. అక్కడ మొదట ఆకుపచ్చ తెర ఉండేదని 2020లో మ్యూజియం వాళ్లు చెప్పారు. ఆ జోలికి పోలేదు. అయినా మా ఊరు కావలిలో ఉక్కకి నలుపు వారమైనా జిగటే. అంటుకున్న దోమల్ని పట్టకారుతో ఏరాను.

పోయిన సంక్రాంతికి మా నాయన్ని కూర్చోబెట్టి, అదే ధైర్యంతో గీత లేకుండా వేశాను. మొహం పళ్లెంలా వచ్చింది. ఎండకి కాలిన ఒంటి మీద ముక్కు దూలం మెరుస్తుంది, చెంప మెరవదు. అక్కడ హద్దు ఉంది. పైగా వెర్మీర్ పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు, ఊహించి వేసిన మొహమే అంటారు. పోలిక తప్పినా అడిగేవాళ్లు లేరు. మా నాయన్ని వీధంతా ఎరుగుదురు.

షాపు కట్టేసి వచ్చాక, రాత్రి తొమ్మిది దాటితేగాని నాకు కుంచె పట్టే వీలుండదు, అదీ ట్యూబ్‌లైటు కింద. ఆ వేళకి కదలకుండా కూర్చునేది ఆ పిల్లే. పగలు తీరికుండి, ఇంట్లో ఓపిగ్గా కూర్చునే పెద్దవాళ్లుంటే రెండు నకళ్లతో ఆపేయొచ్చేమో. నేనైతే ఐదో కాన్వాసు బిగించాను. నాయన మళ్లీ కూర్చోనంటున్నాడు.