2018 నాటి బోర్డు మీద 5800ఎక్స్3డి: పేర్చిన కాష్ చేసిన మేలు

గేమింగ్ కంప్యూటర్ల సమీక్షలు చాలావరకు సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తాయన్న లెక్కతో మొదలై దానితోనే ముగుస్తాయి. సగటుతో నాకు ఏనాడూ పేచీ లేదు. విమానం రన్‌వేకి గురి చూసుకుని దిగుతున్నప్పుడు తెర అర సెకను బిగుసుకుపోతుందే, నా గొడవంతా దానితోనే. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్3డి వేసుకున్నాక ఆ గొడవ తీరింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ప్రాసెసర్ గురించి ఇప్పటికే కొండంత రాశారు కనుక కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఎన్ని, గిగాహెర్ట్జ్ ఎంత అన్న జోలికి పెద్దగా వెళ్లను. నాకు నచ్చింది ఒక్కటే, కోర్లున్న చిప్పు పైన పేర్చిన ఆ అదనపు కాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ.

నేను ఎక్కువగా ఆడేది 2020 నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, విమానం నడిపే ఆట. తుపాకుల ఆటలు ఆడేవారికి ఈ సమీక్ష సగమే పనికొస్తుందని ముందే చెబుతున్నాను. నా పెట్టెలో 2018లో కొన్న బి450 మదర్‌బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్ ఉండేవి. 2024లో గ్రాఫిక్స్ కార్డు మార్చి ఆర్‌టీఎక్స్ 4070 టీఐ సూపర్ పెట్టాను. గన్నవరంలో లేచి కృష్ణ వెంబడి దివిసీమ వైపు పోతుంటే పెట్టిన డబ్బు కళ్ల ముందు కనిపించేది. మేఘాలు, నీటి మీద ఎండ, అన్నీ ఉన్నంత నాణ్యతలో పెట్టుకున్నా ఇబ్బంది లేదు. లండన్ హీత్రోలో దిగబోతే మాత్రం పాత కార్డుతో ఎంత వచ్చేదో అంతే. ముప్పై ఫ్రేముల దగ్గర ఊగిసలాట, మలుపు తిరిగినప్పుడల్లా ఒక కుదుపు. సిమ్యులేటర్‌లోనే ఉన్న ఫ్రేముల మీటరు తెరిస్తే అడ్డు ఎక్కడ పడుతోందో అదే చెబుతుంది. లండన్ మీద అది ప్రతిసారీ ప్రాసెసర్ ప్రధాన థ్రెడ్డునే (ఆటలోని ముఖ్యమైన లెక్కల వరుసనే) చూపించేది. అంత ఖరీదు పోసి తెచ్చిన కార్డు, ప్రాసెసర్ లెక్కలు తేలేదాకా ఖాళీగా కూర్చుంటోందన్నమాట.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే కొట్టులోని కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సార్, ఆ బోర్డు తీసి పక్కన పెట్టండి. ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్, కొత్త ప్రాసెసర్, మూడూ కలిపి ఒకేసారి వేయించుకోండి." అంటే, పాత ఏఎం4 తరానికి చెందిన నా బోర్డు వదిలేసి కొత్త తరానికి మారిపొమ్మని. డబ్బుంటే అది మంచి సలహానే. నాకు మాత్రం కార్డు ఖర్చు ఇంకా సలుపుతూనే ఉంది.

అసలు ఈ బోర్డు మీద 5800ఎక్స్3డి నడవడమే ఒక చిన్న కథ. 2020 మేలో ఏఎండీ ఒక ప్రకటన చేసింది. రాబోయే జెన్ 3 తరం ప్రాసెసర్లు (5800ఎక్స్3డి కూడా ఆ తరానిదే) కొత్త 500 శ్రేణి బోర్డుల మీదే పనిచేస్తాయని, బి450, ఎక్స్470ల మీద పనిచేయవని దాని సారాంశం. బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రాము) ఉండే చిప్పులో చోటు చాలదన్నది చెప్పిన కారణం. చాలా బోర్డుల్లో ఆ చిప్పు 16 ఎంబీయే కాబట్టి కారణం బొత్తిగా అబద్ధం కాదు. కానీ ఆ రోజుకి 500 శ్రేణిలో చవకైన బి550 బోర్డు ఇంకా అంగళ్లకే రాలేదు. మధ్యతరగతి ధరలో బోర్డు కావాలంటే బి450యే కొనాల్సిన రోజుల్లో, అవి కొన్నవాళ్లకు దారి మూసేశారు. కొనుగోలుదారులు ఊరుకోలేదు. రెండు వారాలు తిరగకముందే సంస్థ మాట మార్చుకుంది. కొత్త బయాస్ ఇస్తాం, దానితో కొన్ని పాత ప్రాసెసర్లకు మద్దతు పోతుంది, ఒకసారి ఎక్కిస్తే వెనక్కి రావడం కుదరదు అన్న షరతులతో ఒప్పుకుంది. ఆ రోజు అంతమంది గట్టిగా అడగకపోయి ఉంటే ఈ సమీక్ష ఉండేదే కాదు. కంపెనీ ఉదారత అని దీన్ని పొగిడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

బయాస్ ఎక్కించే పని విజయవాడ వేసవిలో పెట్టుకున్నాను. ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని కాలం కాబట్టి యూపీఎస్ నిండా చార్జి ఉందని చూసుకుని, పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించాను. మధ్యలో తెర నల్లబడి చాలాసేపు అలాగే ఉంది. ఆ నిమిషాల్లో ఫ్యాను చప్పుడు తప్ప వేరే ఆధారం లేదు. పాత కూలర్‌ను తీయడం మరో గండం. ఏఎం4లో సూదుల్లాంటి కాళ్లు ప్రాసెసర్‌కే ఉంటాయి, పైనుంచి పట్టి ఉంచే చట్రం ఏదీ ఉండదు. ఎండిపోయిన థర్మల్ పేస్టు అతుక్కుని ఉంటే, లివర్ బిగించి ఉన్నా కూలర్‌తో పాటు ప్రాసెసర్ ఊడి వచ్చేస్తుంది. అందుకే ముందు కాసేపు ఆట ఆడి పేస్టును వెచ్చబెట్టి, ఆ తర్వాత కంప్యూటర్ ఆపేసి, కూలర్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ తీశాను. కొత్తది పెట్టి మీట నొక్కగానే తెర మీద ఒక హెచ్చరిక: కొత్త ప్రాసెసర్ కనిపించింది, ఎఫ్‌టీపీఎం (రహస్య తాళంచెవులు దాచే చోటు) చెరిపేయాలంటే వై నొక్కండి, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఉంటే రికవరీ కీ లేనిదే డిస్కు తెరుచుకోదు. ఇది మామూలుగా వచ్చేదే. తెలియనివాళ్లకు మాత్రం గుండె ఆగినంత పని అవుతుంది. ప్రాసెసర్ మార్చేవాళ్లు ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఆ రాత్రి మళ్లీ హీత్రో. అవే సెట్టింగులు, అదే విమానం. మీటరులో అంకె యాభై దాటి నిలబడింది. సంతోషమే, కానీ అంకె కోసం కాదు. లండన్ మీద మలుపు తిరిగితే ఊరంతా ఒకే వేగంతో జారుతూ వెళ్లింది, ఎక్కడా ఆగలేదు. రన్‌వే దగ్గరయ్యే కొద్దీ చేయి దానంతట అదే బిగుసుకోవడం నాకు అలవాటైపోయింది. ఎక్కడో ఒక కుదుపు వస్తుంది, ఆ కుదుపులో విమానం పక్కకు జరుగుతుంది, దాన్ని సరిదిద్దాలి. ఆ రోజు సరిదిద్దడానికి ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్లూ నా చేతికి నైపుణ్యం లేదనుకున్న చోట లేనిది కాష్ అని తేలింది.

ఎందుకిలా అంటే, సిమ్యులేటర్ ప్రతి ఫ్రేముకూ చుట్టూ ఉన్న విమానాలు, గాలి, కాక్‌పిట్‌లోని మీటర్లు, విమానాశ్రయంలో తిరిగే బండ్లు, అన్నిటి వివరాలూ మళ్లీ మళ్లీ చూసుకోవాలి. వంట చేసేవారికి పోపుల డబ్బా పక్కనే ఉండటానికీ, ఆవాల కోసం ప్రతిసారీ కొట్టుకు వెళ్లడానికీ ఉన్నంత తేడా కాష్‌కీ ర్యామ్‌కీ ఉంది. పాత 2600లో ఎల్3 కాష్ (కోర్లు పంచుకునే కాష్) 16 ఎంబీ, అదీ రెండు ముక్కలుగా. 5800ఎక్స్3డిలో 32 ఎంబీ మీద ఇంకో 64 ఎంబీ పేర్చి, మొత్తం 96 ఎంబీని ఎనిమిది కోర్లకూ ఉమ్మడిగా ఇచ్చారు.

కుదుపులన్నీ పోయాయని నేనేదో ఊపులో రాసినట్టున్నాను. నేల బొమ్మలు ఇంటర్నెట్ నుంచి వచ్చే సిమ్యులేటర్ ఇది. సాయంత్రం వేళ నెట్ నెమ్మదిస్తే కొండలు మైనపు ముద్దల్లాగే కనిపిస్తాయి, ఏ కాష్ దాన్ని బాగుచేయలేదు. ఆటలు పక్కన పెడితే మరో మాట కూడా ఉంది. మామూలు 5800ఎక్స్ కంటే దీని వేగం కాస్త తక్కువ, 4.7కి బదులు 4.5 గిగాహెర్ట్జ్. వీడియోలు ఎగుమతి చేసే పనిలో ఆ తేడా కనిపిస్తుంది. అదే నా ఉద్యోగమైతే పన్నెండు కోర్ల 5900ఎక్స్ కొనేవాడిని.

ఇక వేడి. పైన పేర్చిన పొర వల్ల కోర్ల వేడి త్వరగా బయటికి రాదు. గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. డిసెంబరులో నాకు ఆ సంగతే గుర్తుండదు. మే నెలలో ఏసీ లేని గదిలో, ఆట లోడవుతున్నప్పుడు 88 దాకా పోయి, ఫ్యాన్లు పక్క గదికి వినిపించేలా తిరుగుతాయి. పీబీఓ2 ట్యూనర్ అనే చిన్న ప్రోగ్రాముతో వోల్టేజీ తగ్గించుకుంటే ఏడెనిమిది డిగ్రీలు దిగింది, ఫ్రేములేమీ తగ్గలేదు. కొన్ని బోర్డుల బయాస్‌లోనే ఆ సదుపాయం ఉంటుంది, నా దాంట్లో లేదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఆ ప్రోగ్రాము మళ్లీ నడవాలి, దానికి విండోస్‌లో ఒక ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. కార్డులు, డిస్కులు తగిలించే దారి (పీసీఐఈ) నా బోర్డులో పాత 3.0యే కాబట్టి వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా సగం వేగమే దక్కుతుంది. ఆ దారిలో పదహారు లేన్లు (వరుసలు) వాడుకునే నా కార్డుకు దాని వల్ల కలిగిన నష్టం నాకు తెలిసేంత లేదు. ఎనిమిది లేన్లతో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు వేసుకునేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

ఈ రోజు అన్నీ కొత్తగా కొనేవారికి దీన్ని చెప్పను. ఏఎం5 బోర్డులకు 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డిలో కాష్ పొరను కోర్ల కిందకు మార్చారు, వేడి తిప్పలు అక్కడే తగ్గాయి. కానీ 2025 చివరి నుంచి, ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని, ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవాళ్ల లెక్క అందుకే వేరు. నాలాగా 1440పీ తెర మీద సిమ్యులేటర్లు ఆడేవారైతే నాకు దక్కినంత లాభం దక్కవచ్చు. అంతకంటే ఎక్కువ చుక్కలుండే 4కే తెర ఉంటే అడ్డు చాలావరకు కార్డు దగ్గరే పడుతుంది, తేడా అంతగా తెలియదు. కొత్త 5800ఎక్స్3డి దొరకడం ఇప్పుడు కష్టం. 2024 జనవరిలో వచ్చిన 5700ఎక్స్3డిలోనూ అదే 96 ఎంబీ కాష్ ఉంది, వేగం మాత్రం 4.1 గిగాహెర్ట్జ్. వాడినది కొనేటట్టయితే డబ్బిచ్చే ముందు తిరగేసి కాళ్లన్నీ నిటారుగా ఉన్నాయో లేదో వెలుతురులో చూసుకోండి, మీ బోర్డు బయాస్ జాబితాలో దాని పేరుందో లేదో కూడా.