డెవ్‌పోస్ట్ రివ్యూ: పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌తో హ్యాకథాన్‌కి వెళ్లేవాళ్ల కోసం

ఆన్‌లైన్ హ్యాకథాన్ (తక్కువ గడువులో సాఫ్ట్‌వేర్ కట్టే పోటీ) ఏదైనా వెతకడం మొదలుపెడితే ఏదో ఒక లింకు డెవ్‌పోస్ట్ దగ్గరికి తీసుకెళ్తుంది. 2009లో ఛాలెంజ్‌పోస్ట్ అనే పేరుతో మొదలైన సైట్ ఇది. రిజిస్ట్రేషన్, రూల్స్, సబ్మిషన్ ఫారం, జడ్జింగ్, చివర్లో ప్రాజెక్టుల గ్యాలరీ అన్నీ ఒకేచోట ఉంటాయి. పాల్గొనేవాళ్లు అకౌంట్ తెరవడానికి ఏమీ కట్టక్కర్లేదు. ఫారం వరకూ ఈ సైట్‌కి వంక పెట్టడానికి పెద్దగా లేదు. అయితే మీరిచ్చిన లింకు అవతలివాళ్ల దగ్గర తెరుచుకుంటోందా లేదా అన్నది అది చూడదు. నిజంగా వాడుకోదగ్గ సాఫ్ట్‌వేర్‌కి బహుమతి ఇచ్చే పోటీల్లో మంచి ప్రాజెక్టులు దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

ముందు వెతుకులాట. ఆన్‌లైన్‌లోనా, నేరుగా వెళ్లాలా, ఎన్నాళ్ల పోటీ, ఏ రంగం అని ఫిల్టర్లు ఉన్నాయి. బహుమతి మొత్తాన్ని బట్టి కూడా వరుసలో పెట్టుకోవచ్చు. ఆ వరుస చూసి పోటీ ఎంచుకోవద్దు. "పనికొచ్చే ప్రాజెక్టులు" అని వేరే ఫిల్టర్ ఉండదు కాబట్టి జడ్జింగ్ ప్రమాణాలు చదివి తెలుసుకోవాల్సిందే. చాలా పోటీల్లో సాంకేతిక అమలు, డిజైన్, ప్రభావం, ఆలోచన నాణ్యత అనే నాలుగు కనిపిస్తాయి. ఏది ముందుందో చూడండి: మార్కులు సమానమైతే మొదటి ప్రమాణంలో ఎక్కువ వచ్చినవాళ్లే పైన అని చాలా రూల్స్‌లో రాసి ఉంటుంది. అదే నిర్వాహకులు ఇంతకుముందు పెట్టిన పోటీ ఉంటే దాని గ్యాలరీలో గెలిచినవాటిని చూడండి. ప్రమాణాల్లో రాసినదానికన్నా అక్కడ వాళ్ల అభిరుచి బాగా తెలుస్తుంది. రిజిస్టరైనవాళ్ల సంఖ్య చూసి జంకక్కర్లేదు. పేరిచ్చి వదిలేసేవాళ్లే అందులో ఎక్కువ.

రూల్స్ పేజీ పొడుగ్గా ఉంటుంది గానీ దాటేయకూడనివి కొన్నున్నాయి. ప్రాజెక్టు పోటీ కాలంలోనే కట్టినదై ఉండాలా, లేక పాతదాన్ని గణనీయంగా మెరుగుపరిస్తే చాలా? పాతది అయితే ఏం మార్చారో రాయమంటారు, కమిట్ల (కోడ్‌లో మార్పులు సేవ్ చేసిన నమోదుల) తేదీలే అందుకు సాక్ష్యం. స్పాన్సర్ ఏపీఐ (వాళ్ల సేవను మన కోడ్ నుంచి వాడుకునే దారి) వాడి తీరాలంటే దాన్ని పేరుకు తగిలిస్తే సరిపోదు. మొదటి వడపోతలో మార్కులుండవు, పాసో ఫెయిలో అంతే. థీమ్‌కి సరిపోని, అడిగిన టూల్ వాడని ప్రాజెక్టు అక్కడే ఆగిపోతుంది. దేశం, వయసు, టీమ్ సైజు నిబంధనలు కూడా కోడ్ మొదలుపెట్టకముందే చూసుకోవాలి.

ఇక ఫారం. టీమ్, ప్రాజెక్టు పరిచయం, వివరాలు, అదనపు ప్రశ్నలు, సబ్మిట్ అని అంచెలంచెలుగా సాగుతుంది. ప్రాజెక్టును ఒక్క ముక్కలో చెప్పే పిచ్‌కి 200 అక్షరాలే ఇస్తారు, అది మంచిదే. "ఏఐతో చిన్న వ్యాపారాల రూపురేఖలు మార్చే వేదిక" లాంటి వాక్యం చదివి ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. "ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లు ఇస్తే వరుసలన్నీ స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి, మొత్తం తప్పిన బిల్లుకి ఎర్ర గుర్తు పెడుతుంది" అంటే పని కళ్లకు కడుతుంది. కింద పెద్ద పెట్టెలో ప్రేరణ, ఏం చేస్తుంది, ఎలా కట్టాం, ఎదురైన చిక్కులు, నేర్చుకున్నది అంటూ తయారుగా శీర్షికలుంటాయి. అవన్నీ సమానంగా నింపాలన్న నియమమేమీ లేదు. ప్రేరణ రెండు వాక్యాల్లో ముగించి, "ఏం చేస్తుంది" దగ్గర ఎవరు వాడతారు, ఇప్పుడు ఆ పని ఎలా చేసుకుంటున్నారు, ఎక్కడ సమయం పోతోంది అన్నవి రాయండి. దానికి ఏ పని రాదో కూడా ఒక్క వాక్యంలో చెప్పండి: "స్కాన్ చేసిన బిల్లులు చదవడం ఇంకా రాదు" అని. దాచిపెడితే జడ్జి మొదట వేసేది స్కాన్ చేసిన బిల్లే. చిత్రాలు 3:2 నిష్పత్తిలో తయారు చేసుకుంటే అంచులు తెగవు.

చాలా రూల్స్‌లో ఓ వాక్యం ఉంటుంది: జడ్జీలు ప్రాజెక్టును నడిపి చూసి తీరాలని లేదు, రాత, చిత్రాలు, వీడియో చూసి మార్కులు వేయొచ్చు అని. అందుకే వీడియోకి అంత బరువు. సాధారణంగా 3 నిమిషాల్లోపు అడుగుతారు, ఆపైన ఉన్నది చూడక్కర్లేదని కూడా రాస్తారు. లోగో తిరగడం, టీమ్ పరిచయం, మార్కెట్ లెక్కలు వంటివాటికి మొదటి నిమిషం పోతే మిగిలేది తక్కువ. 20 సెకన్లలో సమస్య చెప్పి, వెంటనే తెర మీదికి వెళ్లండి. నిజమైన ఫైల్ ఒకటి వేసి, ఫలితం వచ్చేదాకా కట్ చేయకుండా చూపించండి. తర్వాత కావాలని తప్పుడు ఫైల్ వేసి, యాప్ కుప్పకూలకుండా ఏం చెబుతుందో చూపించండి. ఈ రెండోది చూపించేవాళ్లు అరుదు. వాడకానికి కట్టినదా, ప్రదర్శనకి కట్టినదా అన్నది అక్కడే తేలిపోతుంది. చివరి 30 సెకన్లు లోపలి నిర్మాణానికి చాలు. యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా పెడితే జడ్జికి కనపడదు. రూల్స్ పబ్లిక్ అంటే పబ్లిక్‌గానే పెట్టండి. హక్కులు లేని పాట వెనకాల వేయొద్దు. యాప్ ఏ భాషలో ఉన్నా, ఇంగ్లీషు అనువాదం అడిగిన పోటీలో వీడియోకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టండి.

ఇప్పుడు లింకు సంగతి. ఫారంలో లింకు పెట్టగానే పనైపోయిందనిపిస్తుంది. జడ్జింగ్ మాత్రం డెడ్‌లైన్ తర్వాత రోజులు, ఒక్కోసారి వారాలు నడుస్తుంది, అప్పటిదాకా యాప్ బతికుండాలి. యాప్‌లను నెట్‌లో నడిపే రెండర్‌లో ఉచిత వెబ్ సర్వీస్ 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది. మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం పడుతుంది, ఖాళీ తెర చూస్తూ అంతసేపు ఏ జడ్జీ కూర్చోరు. డేటాబేస్ సేవ అయిన సూపాబేస్‌లో ఉచిత ప్రాజెక్టు వారంపాటు కదలిక లేకపోతే ఆగిపోతుంది. అప్పుడు సైట్ తెరుచుకుంటుంది, డేటా రాదు. చూసేవాళ్లకి యాప్ పాడైనట్టే లెక్క. జడ్జింగ్ ముగిసేదాకా డబ్బు కట్టే ప్లాన్‌లోకి మారండి, లేదా డేటాబేస్ దాకా వెళ్లే ఓ చిన్న రిక్వెస్ట్ 15 నిమిషాల్లోపు ఓసారి వెళ్లేలా షెడ్యూల్ చేయండి. హోం పేజీని పింగ్ చేస్తే డేటాబేస్‌కి తెలియదు.

గూగుల్ లాగిన్ పెట్టినవాళ్లు మరీ జాగ్రత్త. ఓఆత్ (గూగుల్ అకౌంట్‌తో లాగిన్ చేయించే పద్ధతి) యాప్ టెస్టింగ్ దశలో ఉంటే, టెస్టర్ల జాబితాలో చేర్చిన 100 మంది వరకే లోపలికి రాగలరు. మీ టీమ్ అందరూ అందులో ఉంటారు కాబట్టి మీకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది, జడ్జికి మాత్రం యాక్సెస్ లేదని వస్తుంది. జీమెయిల్, డ్రైవ్ లాంటివాటికి అనుమతులు (స్కోపులు) అడిగితే, మళ్లీ మళ్లీ లాగిన్ అడగకుండా ఉంచే రిఫ్రెష్ టోకెన్ కూడా 7 రోజులకే చెల్లిపోతుంది. దీనికి తేలికైన మందు: లాగిన్ లేకుండా "నమూనా డేటాతో చూడండి" అనే బటన్. అది కుదరకపోతే, ఫారంలో టెస్టింగ్ సూచనలు అడిగే చోట నమూనా అకౌంట్, పాస్‌వర్డ్, నొక్కాల్సిన వరుస, అప్‌లోడ్ చేయాల్సిన ఫైల్ అన్నీ ఇవ్వండి. భాషా మోడల్ ఏపీఐ వాడితే ఖర్చుకి రోజువారీ పరిమితి పెట్టండి, అది దాటాక ఏం కనిపించాలో కూడా రాసుకోండి. క్రెడిట్లు అయిపోయి ఎర్రర్ 429 (పరిమితి దాటిందన్న సందేశం) చూపించే యాప్‌కి ఏ ప్రమాణం కిందా మార్కులు పడవు.

రిపో (గిట్‌హబ్ లాంటి సైట్‌లో మీ కోడ్ దాచే చోటు) గురించి కొద్దిగా. ఓపెన్ సోర్స్ అడిగితే లైసెన్స్ ఫైల్ మొదటి ఫోల్డర్‌లోనే ఉండాలి, గిట్‌హబ్ పేజీలో పక్కన దాని పేరు కనిపించాలి. ప్రైవేట్ రిపో అయితే రూల్స్‌లో చెప్పిన అకౌంట్లకు యాక్సెస్ ఇవ్వాలి. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్‌హబ్ తీసుకోదు, మోడల్ ఫైళ్లను చివరి గంటలో పుష్ చేసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఏపీఐ కీ (సేవ వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) పొరపాటున కమిట్ అయితే తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో ఉంటుంది, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం. రిపోని కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ (కాపీ) చేసి, రీడ్‌మీ (ఎలా నడపాలో చెప్పే ఫైల్)లోని ఆదేశాలను ఒక్కొక్కటే నడిపి చూడండి. మీ మెషీన్‌లో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన ప్యాకేజీ అప్పుడు బయటపడుతుంది.

సబ్మిట్ దగ్గర ఓ మెలిక ఉంది. వివరాలన్నీ సేవ్ అయినా, రూల్స్‌కి ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టి చివరి బటన్ నొక్కేదాకా అది డ్రాఫ్టే. డెడ్‌లైన్ లోపు ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు కాబట్టి, సగం పూర్తయ్యాక ఓసారి సబ్మిట్ చేసేసి తర్వాత మెరుగులు దిద్దుకోవడం తెలివైన పని. గడువు దాటాక సబ్మిషన్ మార్చే వీలుండదు. పోర్ట్‌ఫోలియోలోని పేజీని దిద్దుకోవచ్చు గానీ దానివల్ల పోటీలో ఒరిగేదేమీ లేదు. టీమ్ సభ్యులకి పంపిన ఆహ్వానాలు వాళ్లు అంగీకరించారో లేదో అప్పటికే చూసుకోండి. రూల్స్‌లో టైమ్ తరచూ అమెరికా ఈస్టర్న్ లేదా పసిఫిక్‌లో ఉంటుంది, ఏడాదిలో రెండుసార్లు అక్కడ గడియారం గంట మారుతుంది కూడా.

గెలిచాక డబ్బు వెంటనే వస్తుందనుకోవద్దు. నిర్వాహకులు విజేతను ధ్రువీకరించే పత్రాలు పంపుతారు. అమెరికా బయటివాళ్లు డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం నింపాల్సి రావచ్చు. అవి అందాక 60 రోజుల్లోపు చెల్లింపు అని చాలా రూల్స్‌లో కనిపిస్తుంది. పత్రాలు తిప్పి పంపడానికి మీకిచ్చే గడువు మాత్రం చాలా తక్కువ, అది దాటితే బహుమతి వేరేవాళ్లకి వెళ్లే అవకాశం ఉంది. ఆ మెయిల్ వచ్చేది టీమ్ ప్రతినిధికే. కాబట్టి రోజూ మెయిల్ చూసే మనిషినే ప్రతినిధిగా పెట్టండి, ఫలితాల వారంలో స్పామ్ ఫోల్డర్ కూడా తెరిచి చూడమనండి.