‘లైనక్స్ రెడీ’ స్టిక్కర్ నమ్మి గ్రాఫిక్స్ కార్డు ల్యాప్‌టాప్ కొనకండి

పాత ల్యాప్‌టాప్ కొని విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వాడదామనుకుంటున్నవారు డబ్బు చేతికిచ్చే ముందు ఇది చదవండి. నా 17,500 రూపాయలు ఎలాగూ పోయాయి, మీవైనా నిలవాలి.

మా అమ్మాయి యానిమేషన్ కోర్సులో చేరింది. బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కావాలంది. గత నెల సికింద్రాబాద్‌లో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాం. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ‘2 జీబీ ఎన్విడియా గ్రాఫిక్స్’, లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 వేసి ఉంది. “డ్రైవర్లన్నీ మేమే వేశాం సార్, తీసుకెళ్లి వాడుకోవడమే” అంటూ దుకాణదారు మూత మీది ‘లైనక్స్ రెడీ’ స్టిక్కర్ చూపించాడు. తెర వెలిగింది, వైఫై కలిసింది, పాట మోగింది. అంతకు మించి మేము చూడలేదు.

ఆ రాత్రి అమ్మాయి తెర వెలుతురు తగ్గించబోతే ఎన్నిసార్లు మీట నొక్కినా తగ్గలేదు. యూట్యూబ్‌లో పాఠం పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలింది, ఫ్యాన్ హోరు ఆగలేదు. ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో చూస్తే బ్రౌజర్ ఒక్కటే 300 శాతం (ఒక్కో కోర్ థ్రెడ్‌కు 100 లెక్క) దాటి ప్రాసెసర్‌ను తింటోంది. బొమ్మలు ఎవరు గీస్తున్నారో చెప్పే జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండ్ నడిపితే రెండరర్ దగ్గర ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అని వచ్చింది. ఆ పేరు కనిపించిందంటే గ్రాఫిక్స్ చిప్‌కు పని లేదు, తెర మీది ప్రతి బొమ్మనూ ప్రాసెసరే గీస్తోందన్నమాట. ల్యాప్‌టాప్ బూట్ అయ్యేటప్పటి సెట్టింగ్‌లుండే గ్రబ్ ఫైలు తెరిస్తే కారణం దొరికింది: ‘నోమోడ్‌సెట్’. సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుని ఉబుంటు వేసేటప్పుడు వాడే మాట అది, గ్రాఫిక్స్ డ్రైవర్లను, అంటే చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, లేవనివ్వదు. కొత్త డ్రైవర్లు వేయకపోగా ఉన్నవాటిని కట్టేసి, తెర వెలిగిందని చూపించి మాకు అంటగట్టారు.

ఆ మాట తీసేసి రీస్టార్ట్ చేయగానే ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ లేచింది, వెలుతురు మీటలూ పనిచేశాయి. అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. లోపలి చిప్‌ల పేర్లు చెప్పే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ చూపిన కార్డు జీఫోర్స్ 820ఎం. 2014 నాటి పేరే అయినా లోపలి చిప్ 2010లో మొదలైన ఫెర్మీ తరానిది. దానికి ఎన్విడియా డ్రైవర్ 390 శ్రేణితోనే ఆగిపోయింది, ఆ శ్రేణికి మద్దతు 2022 డిసెంబరులో ముగిసింది. ఈ డ్రైవర్‌లో కెర్నల్‌కు (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) అతుక్కునే భాగాన్ని ప్రతి కొత్త కెర్నల్‌కూ మళ్లీ కంపైల్ చేయాలి. కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారుతూనే ఉంటాయి, వాటికి తగ్గట్టు దీన్ని సరిచేసే పని కంపెనీ ఆపేసింది. అందుకే ఉబుంటులోని ‘అడిషనల్ డ్రైవర్స్’ జాబితా ఖాళీగా కనిపించింది. నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది కానీ, ఫెర్మీ కార్డుల వేగాన్ని అది పెంచలేదు, బూట్ అయినప్పటి తక్కువ వేగంలోనే నడుపుతుంది. ఇక బ్లెండర్ కొత్త వెర్షన్లు రెండరింగ్‌కు ఈ తరం కార్డును తీసుకోనే తీసుకోవు. ఏ పని కోసం కొన్నామో ఆ పనికే పనికిరాలేదు.

తిరిగి ఇవ్వబోతే దుకాణదారు బిల్లు చూపించాడు. ‘2 జీబీ గ్రాఫిక్స్’ అని ఉంది, 2 జీబీ ఉంది కదా అన్నాడు. కార్డు మోడల్ బిల్లు మీద రాయించుకోకపోవడం నా పొరపాటు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు.

మీరు వెళ్లేటప్పుడు ఉబుంటు వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకెళ్లండి. సేఫ్ గ్రాఫిక్స్ కాకుండా మామూలు పద్ధతిలో దాని నుంచే బూట్ చేయమనండి. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. ఎల్‌ఎస్‌పీసీఐలో కార్డు పేరు చూసుకోండి, మెమరీ ఎన్ని జీబీలన్నది ముఖ్యం కాదు. ఫెర్మీ వద్దు. 920ఎం లాంటి కెప్లర్ కార్డులూ వద్దు, వాటి 470 శ్రేణికి 2024లో మద్దతు అయిపోయింది. ఎంఎక్స్150, జీటీఎక్స్ 1050 లాంటివి ఇప్పుడు నడుస్తున్నాయి కానీ, ఆ పాస్కల్ తరానికి 580 శ్రేణే చివరిదని ఎన్విడియా ప్రకటించింది. కార్డు తప్పనిసరైతే జీటీఎక్స్ 1650, ఆ తర్వాతివి చూడండి. వీడియోలకూ రాతపనికీ అయితే అసలు విడి కార్డే అక్కర్లేదు. ఏడో తరం, ఆపై ఇంటెల్ ప్రాసెసర్ చాలు. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9 రకం వీడియోను దాని సొంత గ్రాఫిక్సే విప్పుతుంది. చిప్ ఏయే రకాల వీడియోలు విప్పగలదో చెప్పే వీఏఇన్ఫో కమాండ్ నడిపితే జాబితాలో వీపీ9 కనిపించాలి.

మాలాగే నాలుగో తరం ప్రాసెసర్‌తో ఇరుక్కున్నవారికి ఒక్క ఉపశమనం ఉంది. పాత ఇంటెల్ చిప్‌తో వీడియో విప్పించే ఐ965 వీఏ డ్రైవర్ వేసి, ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్ చేర్చండి. యూట్యూబ్ అప్పుడు వీపీ9 బదులు హెచ్.264 రకం వీడియో పంపుతుంది, పాత చిప్ దాన్ని విప్పగలదు. మా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వాడకం 300 శాతం నుంచి 40కి దిగింది. పాఠాలు ఇప్పుడు ఆగకుండా నడుస్తున్నాయి. బ్లెండర్ రెండర్లకు మాత్రం అమ్మాయి కాలేజీ ల్యాబ్‌కే వెళ్తోంది.