రాగి లైను తీసేశాక ఇంటి ఫోను: నాలుగేళ్ల వాడకంలో తేలినవి

ల్యాండ్‌లైన్ వదిలేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా నంబరు పోతుందని బెంగపెట్టుకుంటారు. అంతకన్నా ముందు ఆలోచించాల్సింది కరెంటు గురించి. రాగి లైన్లో ఎక్స్ఛేంజీ నుంచే దాదాపు 48 వోల్టుల డీసీ తీగ వెంట వచ్చేది. అందుకే గాలివానకి ఊరంతా చీకటైనా ఫోను మోగేది. దాని స్థానంలో ఏది పెట్టినా ఆ కరెంటు ఇక మనమే చూసుకోవాలి. ఫైబర్ మోడెంకి తగిలించిన పాత సెట్టు, దానికి తోడు సిమ్ వేసే టేబుల్ ఫోను, ఈ రెండూ నాలుగేళ్లు వాడాక చెబుతున్న మాటలివి.

ముందు నంబరు సంగతి తేల్చేద్దాం. 2011 జనవరి నుంచి దేశమంతటా ఉన్న పోర్టింగ్ మొబైల్ నంబర్లకే. ల్యాండ్‌లైన్ నంబరును మొబైల్‌కి తెచ్చుకునే వీల్లేదు. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కి మారితే పాత నంబరు ఉంచే అవకాశం ఉంటుంది, కానీ సరెండర్ కాగితం ఇచ్చాక అడిగితే లాభం లేదు, ముందే అడగాలి. కంపెనీ మారితే 040, 0866 లాంటి కోడ్ అదే ఉంటుంది, వెనక అంకెలు మారతాయి. కాబట్టి రెండు లైన్లూ ఓ రెండు మూడు నెలలు కలిపి నడపండి. పాత నంబరుకి ఎవరెవరు చేస్తున్నారో ఆ గడువులో తెలిసిపోతుంది. సరెండర్ చేసేటప్పుడు చివరి బిల్లు రసీదు, డిపాజిట్ కట్టిన కాగితం, సెట్టు కంపెనీదైతే సెట్టు పట్టుకెళ్లండి. దరఖాస్తు నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోవడం మరవద్దు. డిపాజిట్ వాపసు అడగడానికి చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఫైబర్ మోడెం వెనక టెల్ అనో, పాట్స్ అనో, ఫోను బొమ్మతోనో ఒక చిన్న సాకెట్ ఉంటుంది. ఇంట్లో ఉన్న మామూలు సెట్టు అందులో పెడితే చాలు. చిక్కంతా గోడల్లో ఉన్న పాత వైరింగుని వాడుకోవాలనుకున్నప్పుడే. హాల్లో, పడకగదిలో ఫోను పాయింట్లు ఉన్నాయి కదా అని మోడెం నుంచి ఒక పాయింటుకి వైరు కలిపేస్తారు. బయటి నుంచి వచ్చే పాత తీగ ఇంకా రోజెట్ డబ్బాలోనే, అంటే గోడకున్న ఫోను పాయింటు డబ్బాలోనే, బిగించి ఉంటుంది. ఆ తీగలో ఎక్స్ఛేంజీ వోల్టేజీ ఉంటే మోడెం ఫోను పోర్టు కాలిపోవచ్చు. ముందు రోజెట్ మూత తీసి, రెండు స్క్రూలు వదులు చేసి, బయటి జత తీగల్ని బయటకి లాగి, కొసలకి విడివిడిగా టేపు చుట్టాలి. ఆ తర్వాతే మోడెం వైరు. మోడెం పోర్టుకి ఎక్స్ఛేంజీకి ఉన్నంత శక్తి ఉండదు. రెండు సెట్లు హాయిగా మోగుతాయి, మూడోది తగిలిస్తే గంట నీరసించడం, కాలర్ నంబరు పడకపోవడం మొదలవుతుంది.

ఇంకొకటి, పాత సెట్టు అడుగున పీ (పల్స్), టీ (టోన్) అని రాసిన చిన్న స్విచ్ ఉంటుంది. అది పీ మీద ఉంటే చాలా మోడెంలకి మనం నొక్కిన అంకెలు అర్థం కావు. డయల్ టోన్ వస్తుంది, ఎంత నొక్కినా కాల్ వెళ్లదు. దాన్ని టీ వైపు జరిపితే చాలు. వేలు పెట్టి తిప్పే పాత డయల్ ఫోను పల్స్ మీదే నడుస్తుంది, ఆ స్విచ్ ఉండదు, కాబట్టి దాంతో వచ్చిన కాల్ మాట్లాడటమే తప్ప కాల్ చేయడం కుదరకపోవచ్చు.

మంచి మోడెం అంటూ సొంతంగా కొని మార్చేవాళ్లకో హెచ్చరిక: ఇంటర్నెట్ నడిచినా ఫోను నడవదు. వాయిస్ లాగిన్ వివరాలు కంపెనీ ఇచ్చిన డబ్బాలోనే ఉంటాయి, వాటిని మామూలుగా బయటపెట్టరు. సొంత వైఫై రౌటర్ కావాలంటే దాని వెనక తగిలించుకోవచ్చు.

ఇక కరెంటు. మోడెం సుమారు 8 వాట్లు తీసుకుంటుందనుకుందాం. బజారులో దొరికే 12 వోల్టుల మినీ యూపీఎస్‌లో 3.7 వోల్టుల 2,000 ఎంఏహెచ్ సెల్లులు మూడుంటే అంతా కలిపి 22 వాట్-అవర్లు. నష్టాలు పోను రెండు, రెండున్నర గంటలు. డబ్బా మీద నాలుగు గంటలని రాసినా నమ్మకండి. రెండేళ్లకి అందులో సగమే మిగులుతుంది. కొనేముందు మోడెం అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. 12 వోల్టులు 2 ఆంపియర్లు అడిగే మోడెంకి 1 ఆంపియర్ యూపీఎస్ పెడితే కరెంటు పోగానే మోడెం రీస్టార్ట్ అవుతూ కూర్చుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా మినీ యూపీఎస్ దండగ కాదు. కొన్ని ఇన్వర్టర్లు మారే ఆ లిప్తపాటులోనే మోడెం ఆగిపోతుంది, మళ్లీ లేచి ఫోను రిజిస్టర్ అవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

ఇంత చేసినా మన చేతిలో లేనిది ఒకటుంది. మోడెం వెలుగుతూ, ఎల్ఓఎస్ అని రాసినచోట ఎర్రలైటు వచ్చిందంటే ఫైబర్ తీగలో సిగ్నల్ మోసుకొచ్చే వెలుతురు మన ఇంటిదాకా రావట్లేదు. తీగ తెగి ఉండాలి, లేదా కేబుల్ ఆపరేటర్ గదిలో బ్యాటరీ అయిపోయి ఉండాలి. సిమ్ ఫోను ఎందుకంటే అందుకే.

సిమ్ టేబుల్ ఫోను కొనేటప్పుడు 2జీ సెట్టా, 4జీ వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిచే) సెట్టా అని తప్పక చూడండి. చవగ్గా దొరికేవి చాలావరకు 2జీవి, జియో సిమ్ వాటిలో పనిచేయదు. ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. ఆరునెలలకోసారి వెనక మూత తీసి చూడండి, మూత సరిగ్గా కూర్చోకపోతే బ్యాటరీ మార్చేయాల్సిందే. రీఛార్జి మరిచిపోవడం అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఉత్తర్వుతో డేటా లేని, మాటలూ మెసేజీలూ మాత్రమే ఉన్న ప్యాకులు వచ్చాయి. ఏడాది ప్యాకు ఒకటి వేసి పడేయడం మేలు.

రెండు ఫోన్ల డయలింగ్ పద్ధతి వేరు, పెద్దవాళ్లు తికమకపడేది ఇక్కడే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు సున్నా కొట్టాలి, ఫైబర్ ఫోనుకీ అంతే. సిమ్ ఫోను నుంచి మొబైల్‌కి సున్నా అక్కర్లేదు కానీ, పక్కింటి ల్యాండ్‌లైన్‌కైనా ఎస్టీడీ కోడ్ కొట్టాలి. మెమరీ బటన్లలో నంబర్లు ఏ సెట్టుకి తగ్గట్టు ఆ సెట్టులో పెట్టి, 108, 112 పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. అమెరికా నుంచి చేసే పిల్లలకి ఫైబర్ నంబరు ఇచ్చేటప్పుడు కోడ్‌లోని మొదటి సున్నా తీసి, హైదరాబాద్ నంబరైతే 91 తర్వాత 40తో మొదలుపెట్టమని చెప్పాలి.

చివరిగా, మోడెంకి కార్డ్‌లెస్ ఫోను ఒక్కటే తగిలించకండి. దాని బేస్‌కి విడిగా అడాప్టర్ ఉంటుంది, మినీ యూపీఎస్ మీద మోడెం బతికున్నా బేస్ ఆగిపోతే ఫోను మోగదు. రెండొందలో మూడొందలో పెట్టి తీగ ఉన్న మామూలు సెట్టు ఒకటి దాని పక్కన పెట్టండి.